పొలం ఎలుక కరవకపోయినా ఎలుక జ్వరం ఎలా వస్తుంది?

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. మీది పశ్చిమ గోదావరి. సార్వా (వానాకాలం వరి) ఊడ్పులయ్యాక మీ మామయ్య గారికి జ్వరం వచ్చింది. ఊళ్ళో టైఫాయిడ్ అన్నారు. వారంలో కళ్ళు పచ్చబడ్డాయి, మూత్రం తగ్గింది. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే ఎలుక జ్వరమని తేల్చి రెండుసార్లు డయాలసిస్ చేశారు, ఇప్పుడు కోలుకుంటున్నారు. ఆయన్ని ఎలుక కరవలేదు, ఇంట్లో ఎలుకలు లేవు, మరి ఇదెలా వచ్చిందని మీ మొదటి ప్రశ్న. పొలం ఎలుకల వల్ల ఇంకేం రోగాలు వస్తాయి, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి అన్నది రెండోది. అమెరికాలో ఉన్న మీ అన్నయ్య చెబుతున్న హంటా వైరస్ మనకూ వస్తుందా అన్నది మూడోది.

నేను జనరల్ మెడిసిన్ డాక్టర్ని. చాలా ఏళ్ళుగా డెల్టా జిల్లాల్లోనే వైద్యం చేస్తున్నాను. వానలు మొదలైన దగ్గర్నుంచి సంక్రాంతి దాకా మా వార్డులో ఈ జబ్బులే ఎక్కువ, అందుకని కాస్త పొడుగ్గానే రాస్తున్నాను.

ఎలుక జ్వరానికి ఎలుక కరవనక్కర్లేదు. మీరు ఎలుకను చూడను కూడా అక్కర్లేదు. లెప్టోస్పైరా అనే మెలికల బాక్టీరియా ఎలుక మూత్రపిండాల్లోని సన్నటి నాళాల్లో కాపురం పెడుతుంది. దానివల్ల ఎలుకకు జబ్బు చేయదు. తింటుంది, తిరుగుతుంది, పిల్లల్ని పెడుతుంది, బతికినన్నాళ్ళూ మూత్రంతో పాటు ఆ బాక్టీరియాను వదులుతూనే ఉంటుంది. ఎండిన నేల మీద పడితే అది తొందరగా చస్తుంది. తడి మట్టిలో, ఉప్పు లేని నిలవ నీళ్ళలో అయితే వారాల తరబడి బతుకుతుంది. ఆ నీళ్ళలో దిగినవాళ్ళ కాలికి చిన్న గీత ఉన్నా, వేళ్ళ మధ్య ఒరిసిపోయి ఉన్నా అక్కడినుంచి లోపలికి పోతుంది. కంట్లో, ముక్కులో, నోట్లో నీళ్ళు పడినా అంతే. పుండూ గీతా లేని గట్టి చర్మం దీన్ని చాలావరకు ఆపుతుంది. కానీ నాలుగు రోజులు వరసగా బురదలో నానిన పాదం చర్మం గట్టిగా ఎక్కడ ఉంటుంది?

ఇప్పుడు మన పొలం సంగతి చూడండి. వరి చేలల్లో ఎక్కువగా ఉండేది చిన్న రకం పందికొక్కు. గట్టులో కలుగు తవ్వి, నోటి దగ్గర తాజా మట్టి కుప్ప పోస్తుంది, వెన్నులు కోసుకెళ్ళి లోపల దాచుకుంటుంది. చేలో నీళ్ళు పెట్టినప్పుడు మడిలో దానికి చోటుండదు. ఎలుకలన్నీ గట్ల మీదికే చేరతాయి. మనం వట్టికాళ్ళతో నడిచేదీ ఆ గట్టు మీదే, కూర్చుని అన్నం తినేదీ అక్కడే, చేతులు కడుక్కునేదీ పక్కనున్న బోదెలోనే, అంటే చిన్న కాలవలోనే. అందుకే ఇంట్లో ఒక్క ఎలుక లేకపోయినా మీ మామయ్య గారికి ఈ జబ్బు వచ్చింది. అయితే అది ఫలానా గట్టు మీదే అంటుకుందని ఎవరూ తేల్చలేరు. పశువులు, కుక్కలు, పందులు కూడా ఈ బాక్టీరియాను మూత్రంలో వదులుతాయి. కొట్టంలో పేడకళ్ళు తీసేవాళ్ళకీ ఇది వస్తుంది.

ఈ సంగతి బయటపడి వందేళ్ళు దాటింది. జ్వరం, కామెర్లు, మూత్రపిండాల దెబ్బ కలిసి వచ్చే ఈ జబ్బును 1886లో జర్మనీలో అడాల్ఫ్ వైల్ అనే డాక్టర్ వర్ణించాడు. జపాన్‌లో గని కార్మికుల్లో ఇదే జబ్బును చూసిన ఇనాడా, ఇడో బృందం 1915లో బాక్టీరియాను పట్టుకుంది. దాన్ని ఎలుకలు మోస్తున్నాయని ఆ తర్వాత కొద్దికాలానికే వాళ్ళే చూపించారు. మన దేశంలో వరద వచ్చిన ప్రతిచోటా దీని జాడ కనిపిస్తుంది. 1999 ఒడిశా పెనుతుఫాను తర్వాత, 2005 జూలై ముంబయి వరదల తర్వాత, 2018 కేరళ వరదల తర్వాత కేసులు ఒక్కసారిగా పెరిగాయి. అండమాన్‌లో రక్తం కక్కుకుని చనిపోతున్న ఒక వింత జ్వరం కూడా చివరికి ఇదేనని తేలింది. 2015లో ప్రచురించిన ఒక అంచనా ప్రకారం ప్రపంచంలో ఏటా సుమారు 10 లక్షల మందికి ఇది వస్తోంది, దాదాపు 59 వేల మంది చనిపోతున్నారు.

మీ కేసులో నన్ను బాధపెట్టింది పోయిన ఆ మొదటి వారం. ఇది మీ ఒక్కరి ఇంట్లో జరిగింది కాదు. జ్వరం రాగానే టైఫాయిడ్ కోసం చేసే వైడాల్ అనే రక్తపరీక్ష చేయించడం, అందులో కాస్త పాజిటివ్ కనిపించగానే టైఫాయిడ్ అని సెలైన్ ఎక్కించడం మన దగ్గర అలవాటైపోయింది. వైడాల్ మన జనాల్లో చాలామందికి వేరే కారణాలకూ పాజిటివ్ వస్తుంది. ప్లేట్‌లెట్లు తగ్గితే అందరూ డెంగ్యూ అని టెన్షన్ పడతారు. ఎలుక జ్వరంలోనూ తగ్గుతాయి, కింద చెప్పబోయే స్క్రబ్ టైఫస్‌లోనూ తగ్గుతాయి. ఇక కళ్ళు పచ్చబడితే పసరు మందుకు పరిగెత్తేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. మామూలు వైరస్ కామెర్లు చాలావరకు వాటంతట అవే తగ్గుతాయి, ఆ పేరు పసరుకు దక్కుతుంది. ఎలుక జ్వరం కామెర్లు అలా కాదు. ఆ నాలుగైదు రోజుల్లోనే కిడ్నీలు దెబ్బతింటాయి, కొందరికి ఊపిరితిత్తుల్లో రక్తస్రావం మొదలవుతుంది.

ఒక తేడా గుర్తుపెట్టుకోండి. వైరస్ కామెర్లలో సాధారణంగా కళ్ళు పచ్చబడే వేళకు జ్వరం తగ్గిపోతుంది. కళ్ళు పచ్చగా ఉండి జ్వరం కూడా ఉంటే ఆ రోజే పెద్ద డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి. అంతకుముందే కనిపించే గుర్తులు ఇంకో రెండున్నాయి. పిక్కల్లో విపరీతమైన నొప్పి ఉంటుంది, నొక్కితే రోగి కేక పెడతాడు. కళ్ళు ఎర్రబడతాయి, కానీ కళ్ళకలకలో లాగా పుసి కట్టదు. అందరికీ ఈ రెండూ ఉండవు. ఉంటే మాత్రం మేం వెంటనే పొలం పని గురించే అడుగుతాం. నీళ్ళలో దిగిన 5 నుంచి 14 రోజుల్లో ఎక్కువమందికి జ్వరం మొదలవుతుంది. ఒక్కోసారి నెల దాకా పట్టొచ్చు.

పరీక్షల్లోనూ ఒక చిక్కుంది. మామూలుగా చేసే ఐజీఎం పరీక్ష వెతికేది బాక్టీరియాను కాదు, దానిమీద మన ఒంట్లో తయారైన యాంటీబాడీని. అది తయారు కావడానికి ఐదారు రోజులు పడుతుంది. జ్వరం రెండో రోజున చేయించి నెగెటివ్ వచ్చిందని ఊపిరి పీల్చుకుంటే లాభం లేదు. మొదటి వారంలో రక్తంలో బాక్టీరియా జన్యుపదార్థాన్నే వెతికే పీసీఆర్ పరీక్ష పనికొస్తుంది కానీ అది అన్నిచోట్లా దొరకదు. అందుకే అనుమానం గట్టిగా ఉంటే రిపోర్టు కోసం ఆగకుండా మందు మొదలుపెట్టడమే సరైన పద్ధతి. మందు కూడా ఖరీదైనదేం కాదు. తొలి దశలో డాక్సీసైక్లిన్ మాత్రలు చాలు, ముదిరితే పెన్సిలిన్ గానీ సెఫ్ట్రియాక్సోన్ గానీ ఇంజక్షన్‌గా ఇస్తాం. డాక్సీసైక్లిన్‌ను అన్నం తిన్నాక గ్లాసు నిండా నీళ్ళతో వేసుకుని కాసేపు కూర్చోవాలి. వేసుకుని వెంటనే పడుకుంటే అన్నవాహికలో పుండు పడుతుంది. గర్భిణులకు, చిన్నపిల్లలకు ఏ మందు ఇవ్వాలో డాక్టరే నిర్ణయించాలి.

మీరు రెండో జబ్బుగా తెలుసుకోవాల్సింది స్క్రబ్ టైఫస్. ఈమధ్య పేపర్లలో పేరు చూసే ఉంటారు. దీన్ని తెచ్చేది ఎలుకల ఒంటి మీద, పొదల్లో, గడ్డిలో ఉండే కంటికి సరిగ్గా కనపడని పురుగు పిల్ల. చిగ్గర్ అంటారు. దాని పెద్ద పురుగు మనల్ని కుట్టదు, మట్టిలో బతుకుతుంది. పిల్ల దశలో మాత్రం ఒక్కసారి ఏదో ఒక జంతువు చర్మాన్ని పట్టుకుని మేయాలి. మామూలుగా దొరికేది ఎలుక. ఆ దారిన మనం వెళ్తే మనం. ఇక్కడ తమాషా ఏమిటంటే రోగకారక క్రిమికి అసలు ఇల్లు ఎలుక కాదు, ఆ పురుగే. తల్లి పురుగు నుంచి గుడ్ల ద్వారా పిల్లలకు దిగుతుంది. ఎలుకలు ఎక్కువుంటే పురుగులకు తిండి ఎక్కువ, అంతవరకే వాటి పాత్ర. కాబట్టి ఎలుకల్ని చంపినంత మాత్రాన ఇది పోదు. ఇంటి చుట్టూ, కళ్ళం చుట్టూ పొదలు కొట్టడం, గడ్డి కోసేటప్పుడు నిండు చేతుల చొక్కా, ప్యాంటు వేసుకోవడం, వచ్చాక స్నానం చేసి ఆ బట్టలు ఉతకడం ఎక్కువ పనిచేస్తాయి. చిత్తూరు, తిరుపతి వైపు నుంచి ఈ కేసులు చాలాకాలంగా వస్తున్నాయి. ఉత్తరాంధ్రలోనూ ఉన్నాయి. వానలు తగ్గాక, చలికాలం మొదట్లో ఎక్కువ.

పురుగు కుట్టినచోట సిగరెట్ కాలినట్టు నల్లటి పొక్కు పడుతుంది. నొప్పి ఉండదు, దురద ఉండదు, అందుకే రోగి చెప్పడు. చంకలో, గజ్జల్లో, రొమ్ముల కింద, నడుము దగ్గర దాక్కుని ఉంటుంది. సిగ్గుపడి చూపించరు, రద్దీలో డాక్టరూ చూడడు. వారం దాటిన జ్వరానికి వేల రూపాయల పరీక్షలు రాసేముందు రోగిని ఒకసారి పూర్తిగా చూస్తే సగం కేసుల్లో ఆ డబ్బు మిగులుతుందని నా అభిప్రాయం. మా వృత్తిలో వాళ్ళకు ఈ మాట నచ్చకపోవచ్చు. ఆ మచ్చ అందరికీ ఉండదు కూడా, లేదని జబ్బును కొట్టిపారేయకూడదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. టైఫాయిడ్‌కు, ఎలుక జ్వరానికి పనిచేసే సెఫ్ట్రియాక్సోన్ ఇంజక్షన్ స్క్రబ్ టైఫస్‌కు పనిచేయదు. ఐదు రోజులు ఆ ఇంజక్షన్ చేయించినా జ్వరం దిగలేదంటే డాక్టర్‌ని స్క్రబ్ టైఫస్ గురించి అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. డాక్సీసైక్లిన్ ఎలుక జ్వరానికీ, స్క్రబ్ టైఫస్‌కూ పనిచేస్తుంది, సరైన సమయంలో ఇస్తే స్క్రబ్ టైఫస్ జ్వరం చాలామందికి రెండు రోజుల్లో దిగిపోతుంది. జబ్బు తీవ్రమైనప్పుడు డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి సిరలోకి ఇవ్వడం ఒక్కదాన్నే ఇవ్వడం కంటే మేలని మన దేశంలోనే జరిగిన పెద్ద పరిశోధన 2023లో తేల్చింది.

ప్లేగు గురించి మీరు అడగలేదు, కానీ ఎలుక రోగాలంటే పెద్దవాళ్ళకు ముందు గుర్తొచ్చేది అదే. పై రెండు జబ్బుల్లో ఎలుక హాయిగా ఉంటుంది. ప్లేగులో ముందు ఎలుకలు చస్తాయి, చల్లబడిన ఎలుకను వదిలి దాని మీది గోమార్లు (ఇంగ్లీషులో ఫ్లీ అనే, రక్తం పీల్చే గెంతే పురుగులు) మనుషుల మీదికి వస్తాయి. బొంబాయిలో 1896లో ప్లేగు మొదలయ్యాక గోమారి పాత్రను 1898లో కరాచీలో చేసిన ప్రయోగంతో పాల్ లూయీ సిమోన్ నిరూపించాడు, కానీ చాలామంది నమ్మడానికి ఏళ్ళు పట్టింది. ఆ విడతలో మన దేశంలో కోటి మందికి పైగా పోయారు. ఊళ్ళో ఎలుకలన్నీ చచ్చిపోతే ఈ జబ్బు అక్కడ ఆగిపోవాలి కదా. ఆగదు, ఎందుకంటే ప్లేగును తట్టుకునే అడవి ఎలుకలున్నాయి. మన దేశంలో ఆ పని చేసేది మెట్ట భూముల్లో ఉండే జెర్బిల్ అనే ఎలుక. పెద్ద కళ్ళు, తోక చివర కుచ్చు, గెంతుతూ పోతుంది. ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు కలిసే చోట, అంటే చిత్తూరు, కోలారు వైపు, ఒకప్పుడు ప్లేగు ఇలాగే దాక్కుని ఉండేది. అందుకే బెంగళూరులోని కేంద్ర ప్రభుత్వ విభాగం ఆ ప్రాంతంలో ఎలుకల్ని పట్టి రక్తపరీక్షలు చేసే పని పెట్టుకుంది. 1994లో మహారాష్ట్ర బీడ్ జిల్లాలో, ఆ వెంటనే సూరత్‌లో ప్లేగు వచ్చినప్పుడు 50 మందికి పైగా చనిపోయారు, లక్షలమంది సూరత్ వదిలి పారిపోయారు. ఇప్పుడు మీ ఊళ్ళో దీనికి భయపడాల్సిన పనిలేదు. ఒక్కటి చాలు: ఎవరూ మందు పెట్టకుండానే ఎలుకలు గుంపుగా చచ్చి పడుతుంటే చేత్తో ముట్టుకోకుండా ఆరోగ్య కేంద్రానికి చెప్పండి.

మీ అన్నయ్య చెప్పిన హంటా వేరే కథ. 1993లో అమెరికా నైరుతి భాగంలో నాలుగు రాష్ట్రాలు కలిసేచోట ఆరోగ్యంగా ఉన్న యువకులు ఊపిరాడక చనిపోయారు. కారణం అక్కడి డీర్ మౌస్ అనే అడవి చిట్టెలుక మోసే వైరస్ అని తేలింది. ఆ ముందు కాలంలో వానలు బాగా పడి, గింజలు విరగకాసి చిట్టెలుకలు పెరిగిపోయాయి. ఎలుక జ్వరం తడితో వస్తే ఇది పొడితో వస్తుంది. ఎండిన మూత్రం, పెంటికలు ఉన్నచోట ఊడిస్తే లేచే దుమ్ము పీల్చినవాళ్ళకు అంటుకుంటుంది. 1993 నుంచి 2022 చివరి వరకు అమెరికా మొత్తంలో నమోదైనవి 864 కేసులే, కానీ ఊపిరితిత్తులకు పాకినవాళ్ళలో మూడో వంతుకు పైగా చనిపోతారు. 2012లో కాలిఫోర్నియా యోసమిటీ పార్కుకు వెళ్ళినవాళ్ళలో 10 మందికి వచ్చింది, ముగ్గురు పోయారు. వాళ్ళలో ఎక్కువమంది దిగిన గుడారపు కాటేజీల గోడల మధ్య చిట్టెలుకలు గూళ్ళు పెట్టాయి. కాబట్టి మీ అన్నయ్య పడమటి రాష్ట్రాల్లో ఉంటే, చలికాలమంతా మూసిపెట్టిన షెడ్డో కాటేజీయో తెరిచినప్పుడు చీపురు, వాక్యూమ్ పట్టుకోకూడదు. తలుపులు తెరిచి అరగంట గాలి ఆడనివ్వాలి. తొమ్మిది పాళ్ళ నీళ్ళకు ఒక పాలు బ్లీచ్ కలిపి చల్లి, నానాక చేతులకు గ్లౌజులు వేసుకుని తడి కాగితంతో తుడవాలి. ఆ డీర్ మౌస్ మన దేశంలో లేదు. మీ మామయ్య గారి చేలో దీని గురించి ఆలోచించక్కర్లేదు.

ఎలుక కరిస్తే ఏం చేయాలని కూడా చాలామంది అడుగుతారు. సబ్బుతో పావుగంట కడగండి, టీటీ వేయించుకోండి, ఆ తర్వాత మూడు వారాల్లో జ్వరం గానీ కీళ్ళ నొప్పులు గానీ వస్తే కాటు సంగతి డాక్టర్‌కి చెప్పండి. ఇంటి ఎలుక కాటుకు రేబిస్ టీకా సాధారణంగా అవసరం పడదు, అయినా డాక్టర్‌కి ఒకసారి చూపించుకోవడం మంచిది.

ఇక ఎలుకల నివారణ. మీ ఒక్కరి ఎకరంలో మందు పెడితే వారంలో పక్క చేలోవి వచ్చి ఆ కలుగుల్లో దిగుతాయి. వ్యవసాయ శాఖ సామూహికంగా చేద్దామనేది అందుకే. మొదటి రోజు కలుగులన్నీ మట్టితో మూసేయాలి, మర్నాడు తెరుచుకున్నవాటిలోనే ఎర పెట్టాలి. 96 పాళ్ళు నూకలు, 2 పాళ్ళు నూనె, 2 పాళ్ళు బ్రోమాడయోలోన్ మందు కలిపి పొట్లాలు కట్టి కలుగు లోపలికి తోస్తారు. వరి పొట్ట దశకు వచ్చాక ఎలుకకు ఎర రుచించదు, అంతకుముందే చేయాలి. గట్లు వెడల్పుగా ఉంటే కలుగులకు సుఖం, సన్నగా చెక్కి కలుపు తీసి ఉంచండి. జింక్ ఫాస్ఫైడ్‌కు విరుగుడు లేదు, పిల్లలున్న ఇంట్లో దాచొద్దు. ఎలుక బుట్టలు పెట్టేవాళ్ళు, గట్లు తవ్వి ఎలుకల్ని పట్టే యానాదులు ఈ పనిలో మందుకంటే నమ్మకస్తులు. వాళ్ళు ఎలుకల్ని తింటారు కదా, జబ్బు రాదా అని కొందరు వెక్కిరింపుగా అడుగుతారు. బాగా ఉడికితే ఆ బాక్టీరియా చస్తుంది. ప్రమాదమంతా పట్టేటప్పుడు, కోసేటప్పుడు చేతులకున్న గాట్లలో ఉంది. పిలిచి పని చేయించుకునే రైతే వాళ్ళకు రబ్బరు గ్లౌజులు కొనివ్వాలి. జెర్రిపోతును చూడగానే కర్ర తీయడం మానండి, అది ఎలుకల్నే తింటుంది.

ముందుగానే మాత్రలు వేసుకోవచ్చా అంటారేమో. వారానికి ఒకసారి 200 మిల్లీగ్రాముల డాక్సీసైక్లిన్ చొప్పున వరద సహాయక పనుల్లో దిగేవాళ్ళకు కేరళలో ఇస్తున్నారు. అది కొద్దికాలపు ముప్పుకు. సీజన్ అంతా, డాక్టర్ చూడకుండా మీరే కొనుక్కుని వేసుకోవడం నేను ఒప్పుకోను. మన దగ్గర దీనికి మనుషులకు వాడే టీకా అందుబాటులో లేదు.

మీ మామయ్య గారి విషయానికి వస్తే, ఈ జబ్బులో దెబ్బతిన్న కిడ్నీలు చాలామందికి మళ్ళీ మామూలుగా పనిచేస్తాయి. డయాలసిస్ జీవితాంతం ఉంటుందేమోనని దిగులు పడకండి. డిశ్చార్జ్ అయ్యాక కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్, పొటాషియం పరీక్షలు డాక్టర్ చెప్పిన రోజుల్లో చేయించండి, నొప్పి మాత్రలు సొంతంగా కొని వేయొద్దు. ఒకసారి వచ్చింది కాబట్టి ఇక రాదని ఆయన అంటారు చూడండి, దాన్ని నమ్మకండి. లెప్టోస్పైరాలో 250కి పైగా రకాలున్నాయి, ఒకదాని మీద వచ్చిన రక్షణ ఇంకోదానికి సరిగ్గా పనిచేయదు. దాళ్వాకి (రెండో పంట వరికి) దిగేముందు మోకాళ్ళ దాకా వచ్చే గమ్‌బూట్లు కొనండి. లోతు బురదలో బూటు ఇరుక్కుంటుందని ఆయన విసుక్కుంటారు, అది నిజమే. మడిలో వేసుకోలేకపోయినా గట్ల మీద, బోదెల్లో, కొట్టంలో వేసుకోమనండి. కాలికి పుండు మానేదాకా మడిలో దిగే పని వేరేవాళ్ళకు అప్పగించమనండి. మళ్ళీ జ్వరం వస్తే ఊళ్ళో చూపించినా సరే, మొదటి మాటగా పోయినసారి ఎలుక జ్వరం వచ్చిందని, పొలంలో దిగానని చెప్పమనండి.